వినని కోయిలని రాయకు బుజ్జీ

బుజ్జీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి చివర్లో, "అక్కా, ఇది ఏడాది పాటు రోజుకో హైకూ, అదే ఆ మూడు పాదాల జపాన్ పద్యం, రాస్తుందట, ఒక్క ఋతువు కూడా వదలదట, పొద్దున్నే చీకటితో లేచి చెరువు దగ్గరికి పోతోంది, అచ్చం నీ పోలికే" అని పెట్టేసింది. ఆ "నీ పోలికే" దగ్గర నేను ఆగిపోయా. చాలా సంతోషం వేసింది తల్లీ, మన ఇంట్లో నా తర్వాత ఇంకో మనిషి ఆకు రాలితే ఆగి చూస్తోందంటే నాకు ఇంకేం కావాలి చెప్పు. కానీ లైటు తీసేసి పడుకున్నాక భయం పట్టుకుంది, ఎంతకీ నిద్ర రాలేదు. ఎందుకు భయమో ఫోన్లో చెప్తే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావ్, అటు ఒక చెవి ఇటు ఒక చెవి, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. మెల్లిగా చదువు, ఒకేసారి చదవక్కర్లేదు.

ముందు తేలికవి అయిపోగొడతా. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ పెట్టుకో. పెన్ను కాదు పెన్సిల్, చినుకు పడితే ఇంకు పాకిపోతుంది. ప్రతి పేజీ మీద తేదీ, టైము, ఎక్కడ నిలబడ్డావో రాయి. ఫోటో తీసుకుంటే తీసుకో గానీ చూశాక తియ్యి, తీసి తర్వాత చూద్దాంలే అనుకోకు. పోలికలు వద్దు, "లా", "లాగా" కనిపిస్తే కొట్టెయ్. "అందమైన" అన్న మాట కూడా కొట్టెయ్. హైకూకి టైటిల్ ఉండదు. రాశాక పైకి చదువు, వారం ఆగి మళ్ళీ చదువు. ఇవన్నీ నీకు ఎవరైనా చెప్తారు.

మెరుపుల సంగతి మాత్రం నేనే చెప్పాలి, కవిత్వం నేర్పేవాళ్ళు ఇలాంటివి చెప్పరు. తొలకరి మీద రాయాలని నువ్వు గట్టు మీద నిలబడి ఉంటావ్, నాకు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. ఉరుము నీ చెవికి వినపడిందంటే పిడుగు నీ మీద పడేంత దగ్గర్లో ఉందని అర్థం. చెట్టు కింద నిలబడకు. నీళ్ళ పక్కన, ఖాళీ జాగాలో అసలు నిలబడకు, అక్కడ అన్నిటికంటే ఎత్తు నువ్వే అవుతావ్. ఇంట్లోకి వచ్చెయ్, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి అప్పుడు వెళ్ళు. అప్పటికి వాన వెలిసిపోతుందంటావేమో, పోనీ, వెలిసిన వాన మీద రాయి, ఆకుల మీంచి ఇంకా కారుతుంటుంది కదా. నాకు నీ హైకూలు కావాలి గానీ నీ కంటే ఎక్కువ కాదు.

మూడు పాదాలకి ఐదు, ఏడు, ఐదు అక్షరాలని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ తిరుగుతున్నావట. చూడు, జపాన్ వాళ్ళు లెక్కపెట్టేది మన అక్షరాన్ని కాదు. వాళ్ళు దాన్ని "ఒన్" అంటారు, అది మన మాత్రకి దగ్గర. దీర్ఘానికి రెండు, ద్విత్వం వస్తే ఒకటి ఎక్కువ, చివర పొల్లు "న్" వస్తే అదీ విడిగా ఒకటి. టోక్యో అంటే మనకి రెండక్షరాలు, వాళ్ళ లెక్కలో నాలుగు. నిప్పొన్ కూడా నాలుగు, ని, ప్, పొ, న్. హైకు అంటే మూడు, హ, ఇ, కు. ఇప్పుడు నువ్వు స్కూల్లో చదివిన గురువు లఘువు పెట్టి చూడు, టోక్యో రెండు గురువులు, నాలుగు మాత్రలు. నిప్పొన్ రెండు గురువులు, నాలుగు మాత్రలు. హైకు ఒక గురువు ఒక లఘువు, మూడు. అచ్చంగా సరిపోయింది కదా? ఇది నాకు తట్టిన రోజు గదిలో ఒక్కదాన్నే ఉండి కూడా చప్పట్లు కొట్టా. అలాగని పదిహేడు మాత్రల్లో రాయమనట్లేదు, తెలుగులో పదిహేడు మాత్రలంటే నోరు తెరిచేలోపు అయిపోతాయి. అక్షరాలు లెక్కపెట్టుకున్నా తప్పు లేదు, లెక్క తప్పినా తప్పు లేదు, ఒక్క ఊపిరిలో చదవగలిగితే చాలు. లెక్క కోసం మాట మార్చడం మాత్రం తప్పు, దాని గురించి కింద చాలా చెప్తా.

ఇంకోటి, మధ్యలో ఒక విరుపు కావాలి. వాళ్ళకి దానికోసం మాటలే ఉన్నాయి, కిరేజి అంటారు, "య", "కన", "కెరి" లాంటివి. వాటికి అర్థం అడిగితే చెప్పలేం, అక్కడ మనసు ఒక్క క్షణం ఆగుతుందంతే. మనకి అలాంటి మాట లేదు గానీ ఇంకో సుఖం ఉంది, తెలుగులో క్రియ లేకుండానే వాక్యం నిలబడుతుంది. "పాత చెరువు" అని ఆపేస్తే చాలు, "ఉంది" అని రాయక్కర్లేదు. ఒక గీత పెట్టి ఆగు. ఆ గీతకి అటు ఒకటి ఇటు ఒకటి, రెండు విషయాలు చాలు, మూడోది వస్తే గుంపు అయిపోతుంది.

ఇప్పుడు ఋతువు సంగతి, అసలు నేను ఉత్తరం మొదలెట్టిందే దీనికోసం.

హైకూలో ఋతువు చెప్పే మాట ఒకటి ఉండాలంటారు, కిగో అంటారు దాన్ని, నువ్వు చదివే ఉంటావ్. ఎందుకు ఉండాలో ఎప్పుడైనా ఆలోచించావా? ఒకప్పుడు ఇది విడి పద్యం కాదు బుజ్జీ. కొంతమంది ఒకచోట కూర్చుని ఒకరి తర్వాత ఒకరు పద్యాలు అల్లుకుంటూ పోయేవాళ్ళు, ఆ గొలుసులో మొట్టమొదటి పద్యం పేరు హొక్కు. మొదటివాడు ఆ పద్యంలో ఆ రోజుని, ఆ కాలాన్ని పలకరించాలి. బయట మంచు ఉంటే మంచు, వాన ఉంటే వాన. వినేవాళ్ళంతా అక్కడే కూర్చుని ఉన్నారు, తల తిప్పితే వాళ్ళకీ కనిపిస్తుంది. తర్వాత 1890ల్లో షికి అనే కవి ఆ మొదటి పద్యాన్ని గొలుసు నుంచి విడదీసి హైకు అనే పేరుని స్థిరపరిచాడు. గుంపు పోయింది, పద్యం మిగిలింది. కానీ నాకు ఇప్పటికీ ఏమనిపిస్తుందంటే ఋతువు మాట రాసినప్పుడల్లా పక్కన నలుగురు కూర్చుని ఉన్నట్టే, నువ్వు చెప్పింది నిజమా కాదా అని తల తిప్పి చూస్తున్నట్టే.

వాళ్ళ దగ్గర ఈ మాటలన్నీ పోగేసిన పుస్తకాలుంటాయి, సైజికి అంటారు. వసంతం, ఎండాకాలం, శరత్తు, చలికాలం, మళ్ళీ కొత్త సంవత్సరం విడిగా. కప్ప అంటే వసంతం. తూనీగ శరత్తు. చంద్రుడు అని ఊరికే రాస్తే అది శరత్ చంద్రుడే. పువ్వు అని ఊరికే రాస్తే చెర్రీ పువ్వే. ఇది చదవగానే నీలాంటి పిల్లలు ఆ లిస్టు పట్టుకుని చెర్రీ పువ్వులూ మంచూ రాయడం మొదలెడతారు. వద్దు బుజ్జీ. మనకి కప్ప అరిస్తే వాన, వసంతం కాదు. మనకి ఉన్న ఋతువులు ఆరు, ఆ ఆరూ నీకు పేర్లుగా తెలుసు గానీ హేమంతం ఎక్కడ అయిపోయి శిశిరం ఎక్కడ మొదలవుతుందో ఒంటికి తెలుసా? నాకూ నలభై దాటాకే తెలిసింది, వీపు మీద.

ఈ అరువు సంగతి జపాన్ వాళ్ళకీ తప్పలేదు, ఆ కథ నాకు చాలా ఇష్టం. ఏడాదిని ఐదేసి రోజుల చొప్పున 72 ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో పేరు పెట్టిన లెక్క ఒకటి చైనా నుంచి వాళ్ళకి వచ్చింది. ఆ పేర్లు చైనా నేలకి పెట్టినవి, వీళ్ళ నేల మీద కుదిరేవి కావు. 1685లో షిబుకావా షున్‌కాయ్ అనే ఖగోళ పండితుడు కూర్చుని వాటిని జపాన్ వాతావరణానికి తగ్గట్టు తిరగరాశాడు. ఏప్రిల్ మొదట్లో పిచ్చుకంత పిట్టలు, స్వాలోలు, తిరిగొస్తాయి. అదే నెల మధ్యలో మొదటి ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. మే మొదట్లో కప్పలు అరవడం మొదలెడతాయి. జూన్ మధ్యలో కుళ్ళిన గడ్డి మిణుగురులవుతుంది. నాలుగు రోజులో ఐదు రోజులో ఉండి పోయే ఋతువులు ఇవి, ఎంత బావున్నాయో చూడు.

అందుకే నా మాట విని రోజుకొకటి మానెయ్. ఐదు రోజులకొకటి రాయి, ఏడాదికి 72. నీ చెరువుకి, నీ కిటికీకి, నీ చెట్టుకి నువ్వే పేర్లు పెట్టుకో, "పేడపురుగులు లైటు కిందికొచ్చే ఐదు రోజులు", "పొద్దున పూట గోడ చల్లగా తగిలే ఐదు రోజులు", ఏదైనా సరే. నాలుగు రోజులు ఊరికే చూడు, ఐదో రోజు రాయి. జపాన్ కవి బషో జీవితం మొత్తం మీద రాసిన హొక్కులు వెయ్యి దాకా ఉంటాయేమో. ఇస్సా అనే ఇంకో కవి ఇరవై వేలకి పైనే రాశాడు, కాదనను, కానీ ఆయన ఈగనీ నత్తనీ పలకరించకుండా ఉండలేక రాశాడు, తేదీ మారిపోతోందని రాయలేదు. నువ్వు రోజూ రాత్రి పదకొండున్నరకి, ఇవాళ్టిది బాకీ ఉందే అని మంచం మీద కూర్చుని ఫోన్లో టైప్ చేస్తావ్ చూడు, ఆ గంట అంటే నాకు భయం. ఆ గంటలోనే అబద్ధం పుడుతుంది. నాకు తెలుసు, ఎందుకంటే నాది అలాగే పుట్టింది.

చెప్తా. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పింది ఈ మధ్యే.

నాకప్పుడు ఇరవై ఆరు. మీ అమ్మకి ఇరవై రెండు, మొదటి ఉద్యోగం వచ్చింది, దూరం, తెల్లారితే ప్రయాణం. రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టక చాప పట్టుకుని మేడ మీదకి వెళ్ళాం. శరత్కాలం, నిండు వెన్నెల. చాలాసేపు మాట్లాడుకున్నాం, తర్వాత మాటలు అయిపోయాయి, ఊరికే పడుకుని ఉన్నాం, అప్పుడు ఏదో చప్పుడు వచ్చింది, ఇద్దరం ఒకేసారి తలెత్తి చూశాం. అంతే, మళ్ళీ పడుకున్నాం. జరిగింది ఇంతే.

పొద్దున్న మీ అమ్మ వెళ్ళిపోయింది. ఇల్లంతా ఖాళీ. ఆ ఖాళీలో నేను నోట్‌బుక్ తీశా, ఆ రాత్రిని ఎలాగైనా పట్టి ఉంచాలని. ఆ రోజుల్లో నేనూ నీలాగే లెక్క పెట్టుకుని రాసేదాన్ని, ఒక్క రోజు వదిలినా ప్రాణం పోయినట్టు ఉండేది. మొదటి రెండు పాదాలు తేలిగ్గా వచ్చాయి. మూడోదానికి ఆ చప్పుడు కావాలి. నాకు అప్పుడు అది గుర్తుంది బుజ్జీ. ఏం చప్పుడో ఆ పొద్దున నాకు తెలుసు, రాయబోయాను కూడా, ఐదక్షరాల్లో ఇమడలేదు. పైగా వినడానికి అంత గొప్పగా లేదు అనిపించింది, కవిత్వంలో పెట్టేంత చప్పుడు కాదు అనిపించింది. అరగంట గింజుకుని, కోయిల అని రాసేశా.

శరద్వెన్నెల —
అక్కచెల్లెళ్ళ మధ్య
కోయిల పాట

ఐదు, ఏడు, ఐదు. ఐదు కోసం సంస్కృతం మాటకి తెలుగు మాట అతికించి మరీ. మాత్రల్లో కొలిస్తే 7, 11, 7, మొత్తం పాతిక, అది వేరే సంగతి. ఒక పత్రికకి పంపిస్తే వేశారు. చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆ పేజీ కత్తిరించి మీ అమ్మకి పోస్టులో పంపా, తను గది గోడకి అంటించుకుందట.

ఆరేడేళ్ళు గడిచాక, మా పక్కింట్లో పిట్టల్ని చూసే ఓ పెద్దాయన ఉండేవారు, రోజూ పొద్దున్నే చేతిలో చిన్న డైరీతో చెట్ల కింద తిరిగేవారు, ఏ పిట్ట ఏ రోజు కూసిందో రాసుకునేవారు. ఆయనకి నా పద్యం చూపించా, మెచ్చుకుంటారని. రెండుసార్లు చదివి, చాలా నెమ్మదిగా, "ఏ నెలమ్మా ఇది?" అన్నారు. చెప్పా. "ఆ నెలలో కోయిల దాదాపు నోరు విప్పదమ్మా, అది కూసేది జత కోసం, ఎండలు ముదిరే ముందు మొదలెట్టి వానల దాకా కూస్తుంది, ఆ రోజుల్లో అయితే అర్ధరాత్రి కూడా వింటావు, కానీ శరత్తులోనా?" అన్నారు. కూసేది నల్లగా ఉండే మగ కోయిల అనీ, ఆడదానికి ఒంటి నిండా చుక్కలుంటాయనీ, అది కాకి గూట్లో గుడ్డు పెట్టే కాలమే ఈ పాటల కాలమనీ ఇంకా ఏవేవో చెప్పారు, నాకు ఏమీ వినపడలేదు. ఆయన కోప్పడలేదు, ఎగతాళీ చెయ్యలేదు. "అయితే మీరు విన్నది ఏమయ్యుంటుంది?" అని మాత్రం అడిగారు, నిజంగా తెలుసుకుందామని.

నేను నోరు తెరిచా. చెప్పలేకపోయా.

గుర్తు లేదు బుజ్జీ. చాప గుర్తుంది, వెన్నెల గుర్తుంది, ఇద్దరం తలెత్తడం గుర్తుంది, ఆ చప్పుడు ఉండాల్సిన చోట కోయిల కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుంటే కోయిలే వినపడుతోంది, స్పష్టంగా. అది లేదని తెలుసు, అయినా అదే వినపడుతోంది. ఆ రోజు నుంచి ఎన్ని రాత్రులు ప్రయత్నించానో. ఇలకోడా? తొట్టిలో నీటి బొట్టా? గుడ్లగూబా? దూరంగా రైలా? ఏదనుకుంటే అదే అయ్యుండొచ్చు అనిపిస్తుంది, అందుకే ఏదీ కాదు.

సరే, నాది పోతే పోయింది, మీ అమ్మకి గుర్తుంటుందిలే అనుకున్నా. అడగాలంటే సిగ్గు, చాలా ఏళ్ళు అడగలేదు. ఈ మధ్య ఒక రోజు మామూలుగా మాట్లాడుతూ, "ఆ రాత్రి మేడ మీద ఏదో చప్పుడు వచ్చింది కదే, గుర్తుందా?" అన్నా. వెంటనే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "అయ్యో, మర్చిపోతానా అక్కా, కోయిల కదా" అంది.

అది విన్నాక నాకు రెండు రోజులు ఏం చెయ్యాలో తోచలేదు. నా జ్ఞాపకాన్ని నేను చెరిపేసుకున్నా, సరే. దానిది కూడా నేనే చెరిపేశా. గోడకి అంటించుకుని, కొత్త ఊళ్ళో ఒక్కతే ఉన్న రోజుల్లో మళ్ళీ మళ్ళీ చదువుకుని, నిజంగా విన్నదాని మీద నా కోయిలని కూర్చోబెట్టుకుంది. ఆ రాత్రి ఈ లోకంలో ఇద్దరి దగ్గరే ఉంది, ఆ ఇద్దరి దగ్గరా ఇప్పుడు లేదు.

నా భయం ఇది తల్లీ. హైకూ చాలా చిన్నది, కాబట్టి చాలా గట్టిది, గుర్తుండిపోతుంది, నువ్వు చూసినదాని కంటే ఎక్కువ గుర్తుండిపోతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత నీ చెరువు నీ దగ్గర ఉండదు, ఆ మూడు పాదాలే ఉంటాయి. అందులో తెల్ల కొంగ అని రాస్తే తెల్ల కొంగే నిలబడుతుంది, ఆ రోజు అక్కడ నిలబడింది చిరిగిన ప్లాస్టిక్ కవర్ అయినా సరే. కవర్ అని రాయి. దయచేసి కవర్ అనే రాయి.

నువ్వు వాదిస్తావని తెలుసు. బుసన్ అనే జపాన్ కవి సంగతి తీస్తావ్. చనిపోయిన భార్య దువ్వెన పడగ్గదిలో కాలి కింద పడి చలి ఒళ్ళంతా పాకిందని రాశాడు, అప్పటికి ఆవిడ బతికే ఉంది, ఆయన పోయాక కూడా ఉంది. నిజమే. బషో కూడా, 1689లో ఉత్తరాదికి నడిచి వెళ్ళిన ప్రయాణం గురించి రాసిన పుస్తకం ఉంది కదా, ఆయన వెంట నడిచిన శిష్యుడు సోరా డైరీ 1943లో అచ్చయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా చోట్ల కలవలేదు. బషో కల్పించాడు, వరస మార్చాడు. ఇవన్నీ నేనూ చదివా, చదివి కొన్నాళ్ళు నా కోయిలకి సాకుగా వాడుకున్నా కూడా. కానీ చూడు, బుసన్‌కి తన భార్య ఎక్కడుందో తెలుసు. కల్పిస్తున్నానని తెలిసి కల్పించాడు, కథ చెప్పేవాడిలాగ. నేను కల్పించలేదు, కప్పేశా. ఉన్నది సరిపోలేదని సిగ్గుపడి దాని మీద దుప్పటి కప్పా. నువ్వు కథ చెప్పదల్చుకుంటే చెప్పు, నోట్‌బుక్‌లో పక్కన పెన్సిల్‌తో "ఇది కల్పన, అసలు విన్నది ఇది" అని ఒక్క లైన్ రాసి పెట్టు. ఆ ఒక్క లైన్ నేను రాసుకోలేదు.

దిద్దడం వద్దనట్లేదు, అది వేరు. బషో ఆ ప్రయాణంలోనే యమదెర అనే కొండ గుడి దగ్గర, ఎండాకాలం చెట్ల మీద గీపెట్టే పురుగుల మీద రాశాడు. మొదట రాసిందాన్లో గుడి పేరు ఉంది, రాయి ఉంది, ఆ అరుపు రాయికి పట్టి ఇంకుతోంది. ఆ తర్వాత దిద్దుకుంటూ పోయాడు. గుడి పేరు తీసేసి అక్కడ నిశ్శబ్దం పెట్టాడు, రాయి కాస్తా బండ అయింది, పట్టి ఇంకడం కాస్తా లోపలికి దిగిపోవడం అయింది. ఎన్నిసార్లు మార్చినా పురుగుల అరుపు పురుగుల అరుపే, బండ బండే. మాట మార్చుకో, వందసార్లు మార్చుకో, విన్నది మార్చకు.

కప్ప పద్యం సంగతి కూడా అంతే. 1686. అంతకు ముందు కవులంతా కప్ప అంటే దాని గొంతు గురించే రాసేవాళ్ళు, అది పాడుతుందని. బషో కప్పతో పాడించలేదు, అది నీళ్ళలోకి దూకింది, నీళ్ళ చప్పుడయింది, అంతే రాశాడు. మొదటి పాదానికి పసుపుపచ్చని కొండ పూల పేరు పెట్టమని ఒక శిష్యుడు సలహా ఇచ్చాడనీ, ఈయన వద్దని "పాత చెరువు" అనే పెట్టాడనీ ఇంకో శిష్యుడు రాసిపెట్టాడు. పూలు పెడితే రంగుండేది. నాకు ఆ సలహా ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు, నేనే ఇచ్చుకున్నా, నేనే విన్నా.

మరి చూడలేనప్పుడు ఏం రాయాలి, జ్వరం వచ్చి గదిలో ఉంటేనో, ఆఫీసులో ఇరుక్కుపోతేనో అంటావా. షికి వెన్నుకి క్షయ వచ్చి మంచాన పడ్డాడు, 1902లో పోయేనాటికి ముప్పై నాలుగేళ్ళు. బయట మంచు పడుతోంది, లేచి చూడలేడు. చూసినట్టు రాయలేదు. ఎంత లోతు పడిందని మళ్ళీ మళ్ళీ అడిగాను అని రాశాడు, అంతే. అందులో మంచు కనిపించదు, అడుగుతున్న మనిషి కనిపిస్తాడు, చెప్తున్న ఇంటివాళ్ళు కూడా కనిపిస్తారు. ఆ పద్యం ఎన్నో ఏళ్ళుగా నాకు తెలుసు, అది నాకోసం కూడా అని మాత్రం మొన్న మొన్ననే తట్టింది. తెలియనిది తెలియనట్టే రాయొచ్చు అని.

పోయిన నెల మళ్ళీ అలాంటి వెన్నెలే వచ్చింది. మోకాళ్ళు నొప్పులైనా మేడెక్కా, ఒక్కదాన్నే, చాలాసేపు కూర్చున్నా, ఆ చప్పుడు ఏమైనా వస్తుందేమోనని. ఇలకోళ్ళు అరిచాయి. ఎవరింట్లోనో తలుపు వేశారు. అది కాదు. కిందికి దిగి వచ్చి ఇది రాశా:

ఏదో చప్పుడు —
ఇద్దరం తలెత్తాం
నిండు వెన్నెల

మధ్య పాదంలో ఒక అక్షరం తక్కువైంది. అలాగే వదిలేశా.

తర్వాతి ఆదివారం మీ అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పా, కోయిల లేదని, నేనే పెట్టానని, క్షమించమని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నా. ఈ కొత్తది చదివి వినిపించా. మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివా. అప్పుడు మెల్లిగా, "చలేసింది కదక్కా, నీ చీర కొంగు ఇద్దరం కప్పుకున్నాం" అంది.

అది నాకు గుర్తు లేదు బుజ్జీ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తను చెప్పాక, అవును, ఆ కొంగు ఒక పక్క మంచుకి తడిసి చల్లగా ఉండింది.

అందుకే, నువ్వు ఈ ఐదు రోజుల్లో చెరువు దగ్గర ఏం విన్నావో నాకు పంపించు. హైకూ కాకపోయినా ఫర్వాలేదు, నోట్‌బుక్‌లో ఎలా గిలికావో అలాగే ఫోటో తీసి పంపు, తేదీ కనపడాలి. ఏం చప్పుడో తెలియకపోతే తెలియలేదని రాయి. మీ అమ్మని కూడా ఒకరోజు వెంట తీసుకెళ్ళు, పొద్దున్న పూట మోకాళ్ళకి మంచిదని చెప్పు, వస్తుంది. ఇద్దరూ స్వెటర్లు వేసుకుని వెళ్ళండి. ఉరుము వినపడితే మాత్రం వెంటనే ఇంటికి వచ్చెయ్యండి.

మీ పెద్దమ్మ